పారిశ్రామికవేత్తను యూనివర్సిటీకి పిలుస్తున్నారా? విద్యార్థులకు నిజంగా పనికొచ్చేలా ఆ కార్యక్రమం ఎలా జరపాలి

పేరున్న వ్యాపారవేత్త యూనివర్సిటీకి వస్తున్నారంటే హాలు నిండిపోతుంది. పావుగంట పరిచయాలు, ముప్పావుగంట ప్రసంగం, టైమ్ మించిపోయిందంటూ రెండే ప్రశ్నలు, ఆ తర్వాత ఫొటోలు. బయటికొచ్చిన విద్యార్థిని ఏం విన్నావని అడిగితే "చాలా ఇన్‌స్పైరింగ్‌గా మాట్లాడారు" అంటాడు. ఇంకాస్త గుచ్చి అడిగితే "కష్టపడాలి, రిస్క్ తీసుకోవాలి, ఓటమికి భయపడకూడదు" దగ్గర ఆగిపోతాడు. ఈ మూడు ముక్కల కోసం క్షణం తీరిక లేని మనిషిని రప్పించనక్కర్లేదు. ఏ క్యాలెండర్ మీదైనా దొరుకుతాయి.

అలాగని ఈ కార్యక్రమాలన్నీ దండగ అనలేం. 2005 మార్చిలో హార్వర్డ్‌లోని ఒక విద్యార్థి సంఘం, హార్వర్డ్ కంప్యూటర్ సొసైటీ, పాల్ గ్రాహమ్‌ను పిలిచింది. అంతకు కొన్నేళ్ల ముందు, 1998లో, ఆయన తన కంపెనీ వయావెబ్‌ను యాహూకు అమ్మారు. స్టార్టప్ ఎలా పెట్టాలో వివరిస్తూ, మొదటి పెట్టుబడి కోసం స్టార్టప్‌లతో డబ్బు సంపాదించినవాళ్లను అడగండి, డబ్బుతోపాటు సలహా కూడా దొరుకుతుంది అన్నారు. అంతే, హాల్లో ఉన్న అందరూ ఆశగా ఆయనవైపే చూశారు. ఆయన కంగారుపడి "నన్ను మాత్రం అడక్కండి" అనేశారు. కానీ స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టడమనే, ఎప్పటినుంచో వాయిదా వేస్తున్న పని ఇక మొదలుపెట్టాల్సిందే అని తర్వాత ఆయనకే అనిపించింది. కొత్త స్టార్టప్‌లకు మొదటి పెట్టుబడి, సలహా ఇచ్చే సంస్థ వై కాంబినేటర్ అలా పుట్టింది. ఆ ప్రసంగం వినడానికి వర్జీనియా యూనివర్సిటీ నుంచి సెలవుల్లో పనిగట్టుకుని వచ్చిన ఇద్దరు చివరి సంవత్సరం విద్యార్థులు, స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహేనియన్, ప్రసంగం అయ్యాక ఆయన్ను కలిసి మాట్లాడారు. మొబైల్ ఫోన్‌లో భోజనం ఆర్డర్ చేసే వాళ్ల ఆలోచనను వై కాంబినేటర్ మొదట తిరస్కరించింది. ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేసి, ఆ ఆలోచన వదిలేసి ఇంకొకటి చేస్తామంటే పెట్టుబడి పెడతామంది. ఆ ఇంకొకటే, జనం లింకులు పంచుకుని చర్చించుకునే వెబ్‌సైట్ రెడిట్.

ప్రతి సెమినార్ నుంచీ ఒక రెడిట్ పుట్టుకురాదు. అయితే అక్కడ ఏం పనిచేసిందో గమనించండి. వక్త చెప్పింది ఆచరించదగ్గ, పక్కా మాట: ఫలానా రకం మనుషుల దగ్గరికి వెళ్లండి, ఫలానా కారణంతో. పైగా ప్రసంగం అయ్యాక ఆయనతో నేరుగా మాట్లాడే వీలు కూడా దొరికింది. మన దగ్గర సాధారణంగా లోపించేవి ఈ రెండే. అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: అతిథి దగ్గర సలహాలు రాబట్టకండి, ఆయన తీసుకున్న నిర్ణయాలు రాబట్టండి. సలహా ఎవరైనా ఇస్తారు. ఫలానా రోజు, చేతిలో ఫలానా అంత డబ్బుతో, రెండు దారుల్లో ఒకటి ఎందుకు ఎంచుకున్నారో ఆ మనిషి ఒక్కరే చెప్పగలరు.

1. ముందు ఒక్క వాక్యం రాసుకోండి

"విద్యార్థుల్లో వ్యాపార దృక్పథం పెంపొందించడం" అన్నది సర్క్యులర్‌లో బాగుంటుంది, ప్లానింగ్‌కు పనికిరాదు. దాని బదులు ఈ ఖాళీ పూరించండి: "ఈ గంటన్నర అయ్యాక విద్యార్థికి ......... తెలియాలి." మొదటి కస్టమర్లు ఎలా దొరుకుతారో తెలియాలి, ఉద్యోగం చేస్తూ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు రోజు ఎలా గడుస్తుందో తెలియాలి, భాగస్వామితో వాటాల సంగతి ఎప్పుడు, ఎలా మాట్లాడుకోవాలో తెలియాలి. ఇలా ఏదో ఒకటి. మూడూ కావాలంటే మూడు కార్యక్రమాలు పెట్టుకోండి.

ఎవరి కోసం అన్నది కూడా ఇక్కడే తేలాలి. మొదటి సంవత్సరం పిల్లలకు వ్యాపారం అనే దారి ఒకటుందని తెలిస్తే చాలు. ఆఖరి సంవత్సరంలో ఒక ప్రాజెక్టును అమ్మకానికి తీసుకెళ్లాలని చూస్తున్నవాళ్లకు ఆ మాటలు విసుగు. ఇద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెడితే అతిథి సగటు మీద మాట్లాడతారు, అది ఎవరికీ అందదు. ఇక హాజరు తప్పనిసరి చేసి నాలుగు వందల మందిని కూర్చోబెట్టే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. వెనక వరుసలన్నీ ఫోన్లు చూస్తుంటాయి, వేదిక మీదున్న మనిషికి అది కనిపిస్తూనే ఉంటుంది. ఇష్టపడి వచ్చిన నలభై మంది చాలు.

2. ఎవరిని పిలవాలి

అందరూ మొదట పెద్ద పేరు కోసం చూస్తారు. పెద్ద పేరుతో చిక్కేమిటంటే, ఇరవై ఏళ్లుగా అదే కథ చెప్పి చెప్పి అది నున్నగా అరిగిపోయి ఉంటుంది. మొదటి కస్టమర్‌కు ఏ ధర చెప్పారో ఆయనకే గుర్తుండదు. విద్యార్థి కన్నా నాలుగైదేళ్లు ముందున్నవాళ్లు ఎక్కువ ఉపయోగపడతారు. నిన్నగాక మొన్న పడ్డ తిప్పలు కాబట్టి వివరాలన్నీ నోటికి వస్తాయి, వాళ్లు వాడిన పద్ధతులు ఇంకా పాతబడి ఉండవు. పెద్ద పేరు ఏడాదికి ఒకటి ఉంటే ఉండొచ్చు, పిల్లలకు ఉత్సాహం కూడా కావాలి కదా.

ఇంకో చిక్కు పైకి కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని తిరిగొచ్చిన బాంబర్ విమానాలను చూసి, ఎక్కడ కవచం వెయ్యాలో లెక్కగట్టే పని అబ్రహాం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త దగ్గరికి వచ్చింది. కూలిపోయిన విమానాలు ఆ లెక్కలో లేవన్న సంగతి ఆయన పద్ధతికి ఆయువుపట్టు. ఒకచోట తూట్లు పడి కూడా విమానం తిరిగి రాగలిగిందంటే ఆ భాగం దెబ్బకు తట్టుకుందన్నమాట. ప్రమాదం తూట్లు కనిపించని చోట ఉంది, ఎందుకంటే అక్కడ దెబ్బతిన్నవి వెనక్కే రాలేదు. మన వేదిక మీదికి వచ్చేవాళ్లంతా తిరిగొచ్చిన విమానాలే. "నేను ఉన్నదంతా పెట్టి రిస్క్ తీసుకున్నాను, గెలిచాను" అని చెప్పేవాళ్లు వస్తారు. ఉన్నదంతా పెట్టి పోగొట్టుకున్నవాళ్లను ఎవరూ పిలవరు. అమెరికా కార్మిక గణాంకాల శాఖ లెక్కల ప్రకారం అక్కడ కొత్తగా పెట్టిన సంస్థల్లో సుమారు 20 శాతం మొదటి ఏడాదిలోనే మూతబడతాయి, అయిదేళ్లు తిరిగేసరికి దాదాపు సగమే మిగులుతాయి. అంటే మూసేసినవాళ్లు ఎక్కడో దూరంగా ఉండరు, వెతికితే దొరుకుతారు. నలుగురు అతిథుల్లో ఒకరైనా వ్యాపారం మూసేసినవారు ఉండాలన్నది నా పట్టుదల. పిలిచేటప్పుడు "మీ ఫెయిల్యూర్ గురించి" అనకండి, మనసు నొచ్చుకుంటుంది. "మూసెయ్యాలన్న నిర్ణయం ఎలా తీసుకున్నారో విద్యార్థులకు చెప్తారా" అని అడగండి. చాలామంది సంతోషంగా వస్తారు, ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడిగి ఉండరు.

వయసు విషయంలోనూ జాగ్రత్త. చదువు మధ్యలో ఆపేసి కోట్లు గడించిన కుర్రాళ్ల కథలు పిల్లలకు కంఠతా వచ్చు. బిల్ గేట్స్, జుకర్‌బర్గ్ ఇద్దరూ హార్వర్డ్ మధ్యలో వదిలేసినవాళ్లే, నిజమే. కానీ అమెరికాలో పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనంలో, అత్యంత వేగంగా ఎదిగిన కంపెనీలను పెట్టినవాళ్ల సగటు వయసు, పెట్టిన నాటికి, 45 ఏళ్లని తేలింది. పదిహేనేళ్లు ఉద్యోగం చేసి, ఆ రంగం లోతుపాతులు తెలుసుకుని వ్యాపారం పెట్టిన అతిథి ఒక్కరు వస్తే, "ఇప్పుడే మొదలుపెట్టకపోతే ఇక అంతే" అనే టెన్షన్ చాలామందికి తగ్గుతుంది.

వీలైతే ఒకే రంగంలో ఎదురెదురు దారుల్లో వెళ్లిన ఇద్దరిని ఒకేసారి పిలవండి. ఒకరు పెట్టుబడిదారుల డబ్బుతో పెంచినవారు, ఒకరు సొంత లాభాలతోనే నెట్టుకొచ్చినవారు. వ్యాపారాలకు ఈమెయిల్ ప్రచార సేవలందించే మెయిల్‌చింప్ 2001లో మొదలై, బయటి పెట్టుబడి ఒక్క డాలరు తీసుకోకుండా నడిచి, 2021లో సుమారు 12 బిలియన్ డాలర్లకు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంట్యూట్ చేతికి వెళ్లింది. మరోవైపు బయటి పెట్టుబడి లేకపోతే మొదలే కాని కంపెనీలు బోలెడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మర్యాదగానే, ఒకరి మాట ఒకరు కాదంటుంటే విద్యార్థికి ఒక సంగతి అర్థమవుతుంది. ఏ వ్యాపారానికి ఏ దారో తన లెక్క తనే వేసుకోవాలి.

3. ఆహ్వానం

కనీసం ఆరు వారాల ముందు పంపండి. యూనివర్సిటీ చరిత్ర, ర్యాంకులు ఏకరువు పెట్టకండి. ఎందుకు మీరే, ఏం మాట్లాడాలి, ఎంతమంది, ఎంతసేపు. ఇంతే. ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారం. మీరు రెండేళ్లపాటు రిటైల్ కస్టమర్లకు అమ్మి, తర్వాత కంపెనీలకు మాత్రమే అమ్మడం మొదలుపెట్టారని చదివాం. ఆ మార్పు ఎందుకు, ఎలా జరిగిందో మా ఆఖరి సంవత్సరం విద్యార్థులు యాభై మందికి మీ నోట వినిపించాలని కోరిక. ప్రసంగం సిద్ధం చేసుకోనక్కర్లేదు. ఇరవై నిమిషాలు మీరు చెప్తే, మిగతా గంట విద్యార్థులు ప్రశ్నలడుగుతారు. ప్రశ్నల్లో కొన్ని వారం ముందే పంపిస్తాం. ఈ మూడు తేదీల్లో మీకు ఏది వీలవుతుంది?"

"ఏదైనా మాట్లాడండి సర్, మీ ఇష్టం" అన్న ఆహ్వానానికి జవాబుగా వచ్చేది ఎప్పుడూ చెప్పే ప్రసంగమే. తేదీ ఖాయమయ్యాక ప్రయాణ ఖర్చు ఎవరిది, వీడియో తీస్తారా, దాన్ని బయట పెడతారా అన్నవి కూడా రాతలో తేల్చుకోండి. వీడియో విషయం చిన్నది కాదు. కెమెరా నడుస్తుంటే అప్పుల గురించి, భాగస్వామితో గొడవ గురించి ఎవరూ నోరు విప్పరు. నన్నడిగితే చివరి అరగంట కెమెరా ఆపేస్తామని ముందే చెప్పడం మంచిది, ఆ అరగంట కోసమే ఎదురుచూడొచ్చు.

4. వారం ముందు అరగంట ఫోన్

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇది. అతిథితో ముందుగా మాట్లాడి మూడు నిర్ణయాలు ఎంచుకోండి: ఒకటి కలిసొచ్చింది, ఒకటి బెడిసికొట్టింది, ఒకటి ఇప్పటికీ సరైనదో కాదో తెలియనిది. మూడోది అడగ్గానే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. కార్యక్రమంలో విద్యార్థులు ఎక్కువసేపు చర్చించుకునేది కూడా దాని గురించే. ఏ విషయాలు మాట్లాడకూడదో కూడా అడిగి తెలుసుకోండి: కోర్టులో ఉన్న వ్యవహారాలు, ఒప్పందాల రహస్యాలు, కుటుంబ సంగతులు.

ఆ తర్వాత, పాత కాగితాలేమైనా తెస్తారా అని అడగండి. మొదటి ధరల పట్టిక, మొదటి బ్రోచర్, చేత్తో రాసిన ఖర్చుల లెక్క, కాదన్నవాళ్ల మెయిల్. ఇళ్లు, గదులు కొద్దిరోజులకు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీని పెట్టినవాళ్లలో ఒకరైన బ్రయాన్ చెస్కీ 2015లో తమ పాత తిరస్కరణ మెయిళ్లను బయటపెట్టారు. 2008లో కంపెనీ విలువను పదిహేను లక్షల డాలర్లుగా కట్టి లక్షన్నర డాలర్ల పెట్టుబడి కోసం ఏడుగురు పెట్టుబడిదారులను అడిగారు. అయిదుగురు కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. "మమ్మల్ని చాలామంది నమ్మలేదు" అని వినడం వేరు, మర్యాదగా రెండు ముక్కల్లో కాదన్న అసలు మెయిల్‌ను చదవడం వేరు. ఆ మెయిళ్లలో తిట్లు, వెటకారం ఏమీ లేవు. మార్కెట్ మాకు సరిపోయేంత పెద్దది కాదు, ఇది మేం పెట్టుబడి పెట్టే రంగం కాదు, ఈ ధోరణి. తిరస్కారం మామూలుగా ఇలాగే ఉంటుందని ముందే చూసిన పిల్లలు తమకు వచ్చినప్పుడు కుంగిపోరు.

ఇదే ఫోన్‌లో ఒక హద్దు కూడా పెట్టండి. కొంతమంది అతిథులు చివర్లో తమ కోర్సో, ఫ్రాంచైజీయో అమ్మజూస్తారు, లేదా జీతం లేని ఇంటర్న్‌షిప్ పేరుతో పనివాళ్లను వెతుక్కుంటారు. ఉద్యోగావకాశాలుంటే ప్లేస్‌మెంట్ ఆఫీసు ద్వారా పంపమనండి, జీతం ఎంతో రాసి మరీ. అలా చెప్పినందుకు నొచ్చుకుని రానన్నవాళ్లు రాకపోయినా నష్టం లేదు.

మీరే అతిథిగా వెళ్తూ ఇది చదువుతుంటే, మీకు చెప్పేది ఒక్కటే: స్లైడ్లు మానేసి ఆ పాత కాగితాలు పట్టుకెళ్లండి.

5. విద్యార్థులను సిద్ధం చెయ్యడం

అసలు పని ఇక్కడుంది. అతిథి ఎంత గొప్పవారైనా ప్రశ్నలు పేలవంగా ఉంటే జవాబులూ అలాగే ఉంటాయి. కార్యక్రమానికి మూడు నాలుగు రోజుల ముందు గంటసేపు ప్రశ్నల వర్క్‌షాప్ పెట్టండి. వచ్చేవాళ్లంతా ఆ కంపెనీ గురించి రెండు పేజీల నోట్ చదివి రావాలి: ఏం అమ్ముతారు, ఎవరికి, డబ్బు ఎలా వస్తుంది, పోటీ ఎవరు. గూగుల్‌లో దొరికే సంగతిని అతిథి సమయంలో అడగకూడదని గట్టిగా చెప్పండి. ఆ తర్వాత ఒక్కొక్కరు మూడేసి ప్రశ్నలు రాయాలి. మొదటిసారి వచ్చేవి దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయి. వాటిని పక్కన పడెయ్యకుండా, కూర్చుని మార్చండి.

"మీ సక్సెస్ సీక్రెట్ ఏంటి?" అన్న ప్రశ్న ఇలా మారొచ్చు: "మీ మొదటి పదిమంది కస్టమర్లలో ముందే పరిచయం ఉన్నవాళ్లు ఎందరు? పరిచయం లేనివాళ్లు మిమ్మల్ని ఎందుకు నమ్మారు?"

"కష్టాలను ఎలా ఎదుర్కొన్నారు?" బదులు: "జీతాలివ్వడం కష్టమైన నెల వచ్చిందా? ఆ నెల ఎవరికి ముందిచ్చారు, ఎవరికి ఆపారు, వాళ్లకు ఏం చెప్పారు?"

"ఉద్యోగం మంచిదా, వ్యాపారం మంచిదా?" బదులు: "ఉద్యోగం మానేసిన రోజున మీ దగ్గర ఎన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంది? ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తున్నారా?" ఈ ప్రశ్న కాస్త ఇబ్బందికరమే. కానీ "ధైర్యం చేసి మానేశాను" అనే వాక్యం వెనక ఒక్కోసారి జీవిత భాగస్వామి జీతమో, తాతల ఆస్తో ఉంటుంది. అది తెలియకుండా ఆ ధైర్యాన్ని అనుకరించబోయే కుర్రాడు మునుగుతాడు. మర్యాదగా అడిగితే చాలామంది నిజమే చెప్తారు.

"పార్ట్‌నర్‌ను ఎలా ఎంచుకోవాలి?" బదులు: "వాటాల గురించి మొదట ఎప్పుడు మాట్లాడుకున్నారు? కాగితం మీద ఎప్పుడు పెట్టారు? ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుందని రాసుకున్నారు?" ఈ ప్రశ్న అడిగేవాళ్లకు కొంచెం ముందస్తు పరిజ్ఞానం ఉండాలి. స్టార్టప్ ఒప్పందాల్లో తరచుగా కనిపించే పద్ధతి ఒకటుంది: వాటా ఒకేసారి చేతికి రాదు, నాలుగేళ్లలో కొద్దికొద్దిగా దక్కుతుంది, మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాదు. ఇది తెలిసిన విద్యార్థి అడిగితే అతిథి ఇంకో మెట్టు లోతుకు వెళ్లి జవాబిస్తారు.

ఈ మార్పులన్నిటిలో జరుగుతున్నది ఒక్కటే. "ఎలా చెయ్యాలి" అన్న ప్రశ్న "మీరు ఏం చేశారు" అవుతోంది, ఆ వెంటే ఒక అంకె, ఒక తేదీ, ఒక మనిషి వస్తున్నారు.

తిరుగు ప్రశ్న వెయ్యడం కూడా సాధన చేయించండి. అతిథి "మొదట్లో మార్కెట్ చాలా కష్టంగా ఉండేది" అంటారు. అక్కడ తలూపి ఇంకో ప్రశ్నకు పోకూడదు. "కష్టమంటే, సర్? ఆ నెల ఎంతమందిని కలిశారు, ఎంతమంది కొన్నారు?" అనాలి. "ముప్పై మందిని కలిస్తే ఇద్దరు కొన్నారు" అన్నారనుకోండి, "మిగతావాళ్లు ఏ కారణం చెప్పారు? ఆ కారణం నిజమేనని మీరు నమ్మారా?" ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు అతిథి పాత్ర వేసి, ఇలా మూడు తిరుగు ప్రశ్నల దాకా వెళ్లడం పది నిమిషాలు ఆడిస్తే చాలు. మొదట్లో నవ్వుకుంటారు, తర్వాత పట్టు దొరుకుతుంది.

వచ్చిన ప్రశ్నల్లోంచి ఎనిమిది ఎంచి అతిథికి ముందే పంపండి. మిగతావి అప్పటికప్పుడు అడగనివ్వండి. అన్నీ ముందే పంపితే జవాబులు కంఠస్థం చేసినట్టు వస్తాయి, ఏదీ పంపకపోతే పాత అంకెలు ఆయనకు గుర్తుకు రావు.

6. ఆ రోజు

స్వాగతోపన్యాసం రెండు నిమిషాలు దాటకూడదు. అతిథి జీవిత చరిత్ర చదవకండి, కాగితం మీద ముద్రించి సీట్ల మీద పెట్టండి. ఎత్తైన వేదిక, పోడియం లేకుండా, అర్ధచంద్రాకారంలో కుర్చీలు వేస్తే మాటతీరే మారిపోతుంది. నడిపించేది ప్రొఫెసర్ కాకుండా వర్క్‌షాప్‌లో బాగా ప్రశ్నలడిగిన విద్యార్థి అయితే మేలు. పెద్దవాళ్లు నడిపిస్తే ప్రశ్న ప్రసంగమవుతుంది.

1998లో ఫ్లోరిడా యూనివర్సిటీ ఎంబీఏ విద్యార్థుల దగ్గరికి వెళ్లిన వారెన్ బఫెట్ కొద్దిసేపే మాట్లాడి ఎక్కువ సమయం ప్రశ్నలకే వదిలారు. మొదట్లోనే వాళ్లకో చిన్న పరీక్ష పెట్టారు. మీ క్లాస్‌మేట్లలో ఒకరి జీవితకాల సంపాదనలో పది శాతం మీదవుతుందనుకోండి, ఎవరిని ఎంచుకుంటారు, ఎందుకు? బాగా ఆలోచిస్తే ఎక్కువ మార్కులవాళ్లనో, బాగా తెలివైనవాళ్లనో ఎంచుకోరు, నిజాయితీ, ఉదారత, నలుగురినీ కలుపుకుపోయే గుణం ఉన్నవాళ్లను ఎంచుకుంటారన్నది ఆయన చెప్పదలచుకున్నది. "విలువలు ముఖ్యం" అని ఒక్క ముక్కలో చెప్పేసి ఉండొచ్చు. కానీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లను తలచుకుని తూచి చూసుకోమన్నారు. మీ అతిథిని కూడా ఇలాంటి ఒక అభ్యాసం అడగండి. తన నిర్ణయాల్లో ఒకదాన్ని పరిస్థితి వరకే వివరించి, ఏం చేశారో చెప్పకుండా ఆగమనండి. విద్యార్థులు రెండు నిమిషాల్లో తామైతే ఏం చేస్తారో రాయాలి. ఆ తర్వాత అసలు జరిగింది చెప్తారు. తన జవాబు రాసుకున్న విద్యార్థి ఆ తర్వాతి మాటలను వినే పద్ధతే వేరుగా ఉంటుంది.

మైకు అడగడానికి మొహమాటపడేవాళ్ల కోసం చీటీలు తిప్పండి. ఏ భాషలో నోరు తిరుగుతుందో ఆ భాషలో అడగనివ్వండి, ఇంగ్లీషు భయంతో మంచి ప్రశ్నలు ఆగిపోతాయి. అతిథి దారి తప్పి దేశాభివృద్ధి మీదికి వెళ్తే, నడిపించే విద్యార్థి "సర్, ఇందాక మొదటి ఆర్డర్ క్యాన్సిల్ అయిందన్నారు, ఆ మర్నాడు ఏం చేశారు?" అని మెల్లగా వెనక్కి లాగాలి. చివర్లో అరగంట హాలు ఖాళీ చెయ్యకుండా వదిలెయ్యండి. సొంత ప్రయత్నాలు చేస్తున్న నలుగురైదుగురు విడిగా మాట్లాడుకునేది అప్పుడే.

7. విన్నదాన్ని జల్లెడ పట్టడం

నోట్‌బుక్‌లో పేజీని మూడు నిలువు గడులు చెయ్యమనండి: పరిస్థితి, చేసిన పని, ఫలితం. "ఎప్పుడూ కస్టమర్ మాట వినాలి" లాంటి వాక్యం ఈ మూడింట్లో దేనిలోనూ ఇమడదు. దాన్ని పేజీ కింద రాసుకోవచ్చు, లేదా వదిలెయ్యొచ్చు. ఒకే ఏడాదిలో ఒక అతిథి "ఉద్యోగం మానేస్తేనే వ్యాపారం మీద దృష్టి పెడతావు" అంటారు, ఇంకొకరు "ఆదాయం మొదలయ్యేదాకా మానకు" అంటారు. మొదటి గడి చూస్తే గొడవ తీరిపోతుంది. ఒకరిది ఆర్నెల్లలో పోటీ ముంచుకొచ్చే రంగం, ఇంకొకరిది సాయంత్రాలు చేసుకున్నా నడిచే పని.

వెనక్కి తిరిగి చెప్పే కథ ఎప్పుడూ తిన్నగా ఉంటుందని కూడా గుర్తుచెయ్యండి. ఆఫీసుల్లో ఉద్యోగులు మెసేజ్‌లు పంపుకునే యాప్ స్లాక్‌ను నిర్మించిన బృందం అంతకుముందు గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారుచేసింది. గేమ్ నడవక 2012లో మూసేశారు. ఆ పనిలో తమలో తాము మాట్లాడుకోవడానికి వాడుకున్న పద్ధతే తర్వాత స్లాక్ అయింది. 2021లో సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్ 27 బిలియన్ డాలర్లకు పైగా పెట్టి దాన్ని కొనుక్కుంది. ఇప్పుడు ఇది అందమైన మలుపులా వినిపిస్తుంది. ఆ నెలల్లో మాత్రం అది చేతిలో ఉన్న గేమ్‌ను ఆపేసి, మనుషులను ఇంటికి పంపిన కంపెనీ. అందుకే ప్రతి అతిథినీ ఒకటి అడిగించండి: "ఇది వేరేలా ముగిసి ఉండేదా? ఏది మీ చేతిలో లేదు?" అదృష్టాన్ని ఒప్పుకోవడానికి వెనకాడని అతిథి చెప్పే మిగతా మాటలను నేను ఇంకాస్త నమ్ముతాను.

8. మర్నాటి నుంచి

ఉత్సాహం రెండు రోజులు నిలుస్తుంది, ఆ లోపే పని అప్పగించాలి. వారం రోజుల్లో అయిదుగురు కాబోయే కస్టమర్లతో మాట్లాడి రావడం సరిపోతుంది. ఒకే షరతు: "ఇలాంటిది వస్తే కొంటారా?" అని అడగకూడదు, మొహమాటానికి అందరూ కొంటామంటారు. "ఈ ఇబ్బంది కిందటిసారి ఎప్పుడొచ్చింది? అప్పుడేం చేశారు? దానికి ఎంత ఖర్చయింది?" అని అడగాలి.

అతిథికి రెండు ఉత్తరాలు వెళ్లాలి. మొదటిది మర్నాడే, కృతజ్ఞతలతో. రెండోది నెల తర్వాత, ఆయన మాటల వల్ల ఎవరు ఏం మార్చుకున్నారో పేర్లతో సహా, క్లుప్తంగా. ఈ రెండోది దాదాపు ఎవరూ రాయరు. అది అందుకున్న అతిథి మళ్లీ పిలిస్తే ఆలోచించకుండా వస్తారు, ఇంకొకరిని పరిచయం కూడా చేస్తారు. మెంటర్‌గా ఉండమని అడగాలనుకుంటే సరైన సమయం కూడా ఇదే. "మాకు మెంటర్‌గా ఉండండి" అంటే ఎంత పని మీద పడుతుందో తెలియక వెనకాడతారు. "నెలకొకసారి అరగంట, మూడు నెలలు, ఫోన్‌లో" అంటే ఒప్పుకుంటారు. అడిగేది విద్యార్థి అయితే ఆ అరగంటకు ముందురోజే మూడు ప్రశ్నలు పంపాలి, తర్వాతిసారి కలిసినప్పుడు కిందటిసారి చెప్పింది చేశాడో లేదో తనే ముందుగా చెప్పాలి.

అతిథి దొరక్కపోతే, లేదా చివరి నిమిషంలో రాలేకపోతే

రెండోది తప్పక జరుగుతుంది, వ్యాపారం చేసేవాళ్ల క్యాలెండర్ వాళ్ల చేతిలో ఉండదు. హాలు రద్దు చెయ్యకండి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తన విద్యార్థుల దగ్గరికి వచ్చిన వ్యాపారవేత్తల ప్రసంగాలను ఏళ్ల తరబడి రికార్డు చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. మీ అంశానికి దగ్గరగా ఉన్నది ఒకటి ముందే చూసి, వక్త ఒక నిర్ణయం చెప్పబోయే చోటు ఏ నిమిషంలో వస్తుందో గుర్తుపెట్టుకోండి. అక్కడ వీడియో ఆపి, విద్యార్థుల చేత తమ జవాబు రాయించి, ఇద్దరు ముగ్గురి చేత చదివించి, మళ్లీ నడపండి. నలభై నిమిషాల వీడియోలో ఇలాంటి చోట్లు మూడు దొరికితే గంటన్నర సరిపోతుంది. రాని అతిథి కోసం రాసుకున్న ప్రశ్నలు పారెయ్యకండి, ఆ సాయంత్రమే కొత్త తేదీ అడుగుతూ ఆయనకు పంపెయ్యండి.